తలుపు అవతలి నవ్వు

మళ్ళీ నవ్వారు. ఈసారి దిండులో మొహం దాచుకుని నవ్వినట్టున్నారు, సగం వినిపించి సగం ఆగిపోయింది. కిటికీ అద్దంలో నలుపు కరిగి బూడిదరంగుకి తిరుగుతోంది. కింద వీధిలో ఎవరో దుకాణం షట్టరు ఎత్తారు. హాల్లో నేలమీద పరుచుకున్న దుప్పటి మీద ఆమె వెల్లకిలా పడుకుని, తన ఇంట్లో తన పడగ్గది తలుపు వైపే చెవులు రిక్కించి ఉంది. ఆ తలుపు గొళ్ళెం సరిగ్గా పడదని ఆమెకి తెలుసు, కింద సందులోంచి మాటలు బయటికి వస్తాయనీ తెలుసు, కానీ లోపల మాట్లాడుకుంటే హాల్లో పడుకున్నవాళ్ళకి గుసగుస మాత్రమే అందుతుందని, ఒక్క మాటా పూర్తిగా చేతికి చిక్కదని ఈ పొద్దున్నే తెలిసింది. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నా ఆ తలుపుకి ఇటువైపు పడుకోవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు మరి. కుడివైపు, హాస్టలు నాటి స్నేహితురాలు లాయరు గుర్రు పెడుతోంది. కోర్టులో వాదించినట్టే గుర్రు పెడుతుంది, మధ్యలో ఆగి, ఎదుటివాళ్ళకి అవకాశం ఇచ్చినట్టే ఇచ్చి, మళ్ళీ గొంతు పెంచుతుంది. సోఫాలో లెక్కల టీచరు ముడుచుకుని పడుకుంది, పొడుగు కాళ్ళు చేతి దిమ్మ మీదుగా బయటికి వేలాడుతున్నాయి. హాస్టల్లో కూడా అంతే, ఏ మంచమూ సరిపోయేది కాదు. వీళ్ళిద్దరికీ నిద్ర ఎలా పట్టిందో! పెళ్ళికూతురు లోపల ఉంది, పెళ్ళికూతురి పక్కన ఎవరో ఉన్నారు, ఆ ఎవరో తను కాదు. వీళ్ళు హాయిగా గుర్రు పెడుతున్నారు.

లోపల మంచం మీది దుప్పట్లు ఆమె ఈ రాత్రి కోసమే కొన్నది. లేత నీలం, అంచున తెల్ల పువ్వులు, ఉతికి, ఇస్త్రీ చేసి, రెండు దిండ్లకీ కొత్త గలేబులు తొడిగి, మంచం పక్క చిన్న బల్ల మీద నీళ్ళ సీసా, రెండు గ్లాసులు పెట్టింది. రెండు గ్లాసులు పెట్టినప్పుడు ఆమె మనసులో రెండోది ఎవరిదో ఎవరినీ అడగనక్కర్లేదు. హాస్టల్లో తనూ పిచ్చుకా రెండు మంచాలు దగ్గరికి జరిపి పడుకునేవాళ్ళు, మధ్యలో సందులో పిచ్చుక దువ్వెన పడిపోయేది, పెన్నులు పడిపోయేవి, ఒకసారి సగం తిన్న బిస్కెట్ పాకెట్టు పడిపోతే చీమల బారు వచ్చింది. ఈ పెళ్ళికూతురికి పిచ్చుక అని పేరు పెట్టింది కూడా తనే. అంత చిన్న మనిషి, అంత గొంతు. ఒకచోట కుదురుగా కూర్చోదు, అన్నం ప్లేటు పట్టుకుని నలుగురి పక్కనా నాలుగు ముద్దలు తిని వస్తుంది. ఆ పిచ్చుక పెళ్ళి ముందురాత్రి తన ఇంట్లో ఉండాలని ఆమె ఎంతకాలంగా అనుకుంది! పెళ్ళిహాలు ఇక్కడికి దగ్గర, పిచ్చుక వాళ్ళ ఇల్లు చుట్టాలతో కిక్కిరిసిపోయింది, అమ్మాయిలందరూ ఒకచోట ఉంటే తయారవడం సులువు అని అందరికీ కారణాలు చెప్పి ఒప్పించింది. అసలు కారణం వేరు. ఆ రాత్రి లైటు తీసేశాక ఇద్దరూ చీకట్లో కప్పు వైపు చూస్తూ మాట్లాడుకోవాలి, తను ఏదో అనాలి, పిచ్చుక "ఛీ నోర్మూసుకోవే" అనాలి. అంతే. అంతకన్నా ఏమీ అడగలేదు ఆమె.

నిన్న సాయంత్రం మెట్ల మీద నలుగురి అడుగుల చప్పుడు వినిపిస్తే ముగ్గురేగా రావలసింది అనుకుంది. తలుపు తీస్తే పిచ్చుక, లాయరు, టీచరు, వాళ్ళ వెనక పెద్ద నల్ల సంచీ భుజాన వేసుకుని కొత్తమ్మాయి. "చెప్పడం మర్చిపోయానే, ఇది కూడా ఉంటుంది. పొద్దున్నే నా జుట్టు ఇదే చెయ్యాలి" అంది పిచ్చుక చెప్పులు విదిలిస్తూ. ఇది. ఆ 'ఇది' దగ్గరే ఆమె మనసు చివుక్కుమంది. పిచ్చుక నోట ఇన్నాళ్ళూ 'ఇది' అంటే తనే. "ఇది రాకపోతే నేనూ రాను", "ఇది తింటే నేనూ తింటా". కొత్తమ్మాయి మంచి రద్దీగా ఉండే సెలూన్లో జుట్టు కత్తిరిస్తుంది, వయసులో వీళ్ళకన్నా నాలుగైదేళ్ళు చిన్నది, నవ్వితే ఒక బుగ్గే సొట్టపడుతుంది. "నమస్తే అక్కా" అంది. ఎవరికమ్మా అక్క? ఆమె నవ్వి, రా అంది, చెప్పులు అక్కడ పెట్టు అంది, నాలుగు ప్లేట్లు సర్దిన బల్ల మీద అయిదోది పెట్టింది. భోజనాల దగ్గర పిచ్చుకా కొత్తమ్మాయీ ఏదో సగం మాట అనుకుని పడీపడీ నవ్వారు. టీచరు "ఏంటే, మాకూ చెప్పండి" అంటే "చెప్తే నవ్వు రాదులే, అక్కడ ఉండాలి" అంది పిచ్చుక. అక్కడ. ఎక్కడ? ఆ తర్వాత పడకల సంగతి వచ్చేసరికి ఆమె మామూలుగా, ఏదో అప్పుడే తోచినట్టు, "మేమిద్దరం లోపల పడుకుంటాం, మీరు ముగ్గురూ ఇక్కడ సర్దుకోండి" అనబోయింది. 'మేమిద్దరం' దాకా అంది కూడా. అప్పటికే పిచ్చుక కొత్తమ్మాయి చెయ్యి పట్టుకుంది. "ఇది నాతో పడుకుంటుందే, ఏమీ అనుకోకు, ఇవాళ దీన్ని ఒంటరిగా వదలకూడదు." ఎందుకు వదలకూడదో చెప్పలేదు. అనుకోవడానికేముంది, పడుకోండి అంది ఆమె. రెండో గ్లాసు తుడిచి పెట్టింది కూడా, దాని మీద దుమ్ము లేకపోయినా.

లాయరు గుర్రు ఆగింది. ఇటు తిరిగి, కళ్ళు తెరవకుండానే, "పడుకోవే ఎక్స్‌రే" అని గొణిగి మళ్ళీ వాదనలోకి దిగిపోయింది. ఎక్స్‌రే అంటే తనే. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగంలో చేరిన రోజే పిచ్చుక పెట్టిన పేరు అది, పిచ్చుక అన్న పేరుకి బదులు తీర్చుకుంది. మంచి పేరే అనుకుని మురిసిపోయింది ఆమె. మనుషుల లోపల ఏముందో చూడగలిగినది అని. ఊపిరి పీల్చండి, బిగబట్టండి, కదలకండి, ఇక వదలండి. రోజంతా అదే. బొమ్మ తెర మీదికి వస్తుంది, బెంచీ మీద కూర్చున్నవాళ్ళు ఆమె మొహంలోకి చూస్తారు. ఏమైనా కనిపించిందా అమ్మా? డాక్టరుగారు చెప్తారండి. ఆ మాట అనేటప్పుడు మొహం ఎలా ఉండాలో ఆమె నేర్చుకుంది. మంచికైనా చెడుకైనా ఒకే మొహం, సున్నం వేసిన గోడ. ఆసుపత్రిలో నర్సులు కూడా అంటారు, నిన్ను చూస్తే ఏమీ తెలియదమ్మా తల్లీ అని. నిన్న రాత్రి ఆ మొహంతోనే అయిదోవాళ్ళకి ప్లేటు పెట్టింది, ఆ మొహంతోనే తన గది ఇచ్చేసింది, ఒక్కరు కూడా పసిగట్టలేదు. బాగుంది. గోడ బాగానే కట్టుకుంది. ఇప్పుడు ఆ గోడకి ఇటువైపు దుప్పటి కప్పుకుని కుమిలిపోతోంది.

పోనీ పెళ్ళికొడుకు మీద అసూయ పడినా ఒక అందం ఉండేది. కథల్లో అలాగేగా, ప్రాణస్నేహితురాలిని ఎవడో వచ్చి ఎగరేసుకుపోతాడు. కానీ పెళ్ళికొడుకు ఆమెకి స్వయానా పెద్దమ్మ కొడుకు. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఒంటిమీద ఎప్పుడూ గ్రీజు వాసన, నెమ్మదస్తుడు, చిన్నప్పుడు తన సైకిలు గొలుసు ఊడితే ఎన్నిసార్లైనా విసుక్కోకుండా ఎక్కించేవాడు. ఆమే వాళ్ళిద్దరినీ కలిపింది. తన పుట్టినరోజుకి ఇద్దరినీ పిలిచి, పక్కపక్క కుర్చీలు వేసి, వంటింట్లోంచి తొంగిచూసింది. పిచ్చుక మాట్లాడుతూనే ఉంది, అన్నయ్య వింటూనే ఉన్నాడు, కూల్‌డ్రింకు గ్లాసులో మంచుముక్కలు కరిగి నీళ్ళైపోయాయి. ఇక చూసుకో, అందరికీ చెప్పుకుంది, నా వదిన, నా వదిన అని. "వదినా అంటే చంపేస్తా" అని పిచ్చుక వీపు మీద ఒక్కటేసేది. ఆ దెబ్బ ఎంత తియ్యగా ఉండేదో. పిచ్చుక ఎక్కడికీ పోదు, ఇంటి మనిషి అయిపోతుంది, ఏ పండక్కీ పబ్బానికీ తన దగ్గరికి రాక తప్పదు, ముసలైపోయాక కూడా చుట్టరికం ఉంటుంది. తన చేతిలోది తన రెండో చేతిలోకే మార్చుకున్నంత భద్రంగా అనిపించింది. తలుపులన్నీ వేసుకున్నాననుకుంది. ఇదిగో, ఈ సొట్టబుగ్గ ఎక్కడినుంచో వచ్చింది.

ఎక్కడినుంచి? ఈత క్లాసు నుంచి. అలాగే చెప్పింది పిచ్చుక, కిందటేడాది ముందు ఏడాది. ఈత నేర్చుకుంటున్నానే, అక్కడ ఒక అమ్మాయి పరిచయమైంది, భలే మనిషి. ఈతా? నువ్వా? షవరు కింద నిలబడ్డానికే ముక్కు మూసుకునేదానివి! అని తను నవ్వింది, లాయరు నవ్వింది. పిచ్చుక కూడా నవ్వింది. ఆ తర్వాత సాయంకాలాలు ఖాళీ ఉండేవి కావు. ఈత ఉందే. ఒంట్లో బాలేదే, నీళ్ళు పడినట్టు లేవు. ఒక వారం అయితే పూర్తిగా మాయమైపోయింది, ఆఫీసు పని మీద ఊరెళ్ళానంది, ఫోను చేస్తే పొడిపొడిగా రెండు ముక్కలు. ఆ వారమంతా ఆమె ఫోను చేతిలో పట్టుకుని తిరిగింది, పేషెంటు ఊపిరి బిగబట్టి ఉంటే వదలమని చెప్పడం మర్చిపోయి, పాపం ఆ పెద్దాయన ఎర్రబడిపోయాడు. తిరిగొచ్చాక పిచ్చుక చిక్కిపోయింది. ఏంటే ఇలా అయ్యావంటే ఈత అంది. ఇప్పుడు, ఈ తెల్లవారుజామున, నేలమీద పడుకుని ఉంటే ఒక సంగతి తట్టింది ఆమెకి. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా పిచ్చుక తడి తలతో కనిపించలేదు. ఈతకొలనులో కలిపే ఆ మందు వాసన ఎప్పుడూ రాలేదు. ఇంత దగ్గరి మనిషికి, మనుషుల లోపల చూసే మనిషికి, ఆ వాసన లేకపోవడం తెలియనే లేదు.

లోపల నవ్వు ఆగిపోయింది. తర్వాత ఎవరో ముక్కు ఎగబీల్చారు. ఆమె మోచేతి మీద లేచింది. ఏడుపే. సన్నగా, ఎవరికీ వినిపించకూడదని అణుచుకునే ఏడుపు. ఏడిచేది పిచ్చుక కాదు, పిచ్చుక ఏడుపు ఆమెకి తెలుసు, అది ఎక్కిళ్ళతో మొదలవుతుంది. ఇది కొత్తమ్మాయిది. దాని మీదుగా, గుసగుసలాడడం మర్చిపోయిన పిచ్చుక గొంతు, "ఊరుకో, ఊరుకో, నా తల్లి కదూ". నా తల్లి కదూ! పెళ్ళికూతురు తన పెళ్ళిరోజు పొద్దున్నే ఇంకొకరి కన్నీళ్ళు తుడుస్తోంది. సిగ్గుండక్కర్లేదా ఆ పిల్లకి? ఆ ఏడుపేదో తన ఏడుపైతే ఎంత బాగుండును అన్న ఆలోచన కూడా దాని వెంటే వచ్చింది. ఒకరి ఏడుపు మీద కూడా అసూయ పడే దశకి వచ్చిందన్నమాట.

ఇస్త్రీపెట్టె లోపల అలమరలో ఉంది. పెళ్ళిబట్టలు ఇస్త్రీ చెయ్యాలి. ఎంత మంచి కారణం! ఆమె లేచి, లాయరు కాళ్ళు దాటి, జుట్టు ముడేసుకుని, తలుపు మీద రెండు వేళ్ళతో తట్టింది. ఎవరైనా పలికేదాకా ఆగాలి. ఆగలేదు. తోసేసింది.

పిచ్చుక కిటికీ దగ్గర నిలబడి రాత్రి చొక్కా తల మీదుగా తీస్తోంది, చేతులు రెండూ పైన, మొహం గుడ్డలో చిక్కుకుని ఉంది. కొత్తమ్మాయి మంచం అంచున కూర్చుని మొహం తుడుచుకుంటోంది. లేత వెలుగు పిచ్చుక ఎడమపక్క మీద పడుతోంది. రొమ్ము పక్కన, చంక కిందికి, వేలెడంత గీత. చుట్టూ ఉన్న చర్మం కన్నా తెల్లగా, కాస్త మెరుస్తూ. కుట్లు వేసి విప్పిన గీత. అలాంటి గీతలు ఆమె రోజూ చూస్తుంది, బట్టలు మార్చుకునే తెర వెనక నుంచి వచ్చి యంత్రం ముందు నిలబడే ఆడవాళ్ళ ఒంటిమీద. అది ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. చొక్కా తలలోంచి ఊడి వచ్చింది, పిచ్చుక కళ్ళు ఆమె కళ్ళని చూశాయి, చొక్కా గబుక్కున గుండెలకి అడ్డం పెట్టుకుంది. హాల్లో గుర్రు వినిపిస్తోంది.

అప్పుడు ఆమె అడగవలసిన ప్రశ్నలు ఎన్ని ఉన్నాయి! ఏమైంది, ఎప్పుడు, ఏమన్నారు, ఇప్పుడు ఎలా ఉంది. రోజూ ముక్కూమొహం తెలియనివాళ్ళని అడిగే ప్రశ్నలే. అవన్నీ వదిలేసి ఆమె నోటినుంచి వచ్చింది వేరొకటి.

"దానికి తెలుసా?"

పిచ్చుక అర్థం కానట్టు చూసింది. కొత్తమ్మాయి లేచి నిలబడింది. "నేను టీ పెడతాను" అని, దుప్పటి అంచు తట్టుకుని, ఆమె పక్కనుంచి తప్పుకుని బయటికి వెళ్ళిపోయింది.

"కూర్చోవే" అంది పిచ్చుక. "ఏం కాలేదు. గడ్డ తీసేశారు. మంచిదేనని రిపోర్టు వచ్చింది. ఏడాదికోసారి చూపించుకుంటున్నా. ఏం కాలేదు, నిజంగా."

"ఎక్కడ తీయించుకున్నావు?"

"ఊరికి అవతల పెద్దాసుపత్రిలో."

"నేను ఉండగా?"

"నువ్వు ఉన్నావనే."

ఆమె కూర్చుంది. లేత నీలం దుప్పటి నలిగి ఉంది, రెండు దిండ్లూ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఆ స్థితిలో కూడా ఆమె కళ్ళు వాటినే చూశాయి. పిచ్చుక చొక్కా తిరగేసి తొడుక్కుని, పక్కన కూర్చుని, కాళ్ళు ఊపుతూ మొదలుపెట్టింది, హాస్టల్లో తప్పు చేసినప్పుడు కూర్చున్నట్టే. "అందరికీ నీ మొహం గోడలా ఉంటుందంటారు. నాకు ఉండదే. రెండో ఏడు రిజల్ట్స్ రోజు గుర్తుందా? నువ్వు బోర్డు చూసి వెనక్కి తిరిగావు, ఇంకా నోరు కూడా తెరవలేదు, నేను ఫెయిలయ్యానని నాకు తెలిసిపోయింది. నీ దగ్గరికి వస్తే నువ్వే తీస్తావు. తెర మీద ఏం వచ్చినా డాక్టరు కన్నా ముందు నీ మొహంలో చూస్తాను. నాకు అంత ధైర్యం లేదే. ఏమీ తెలియని మొహం ఏదైనా కావాలనిపించింది. అక్కడ బెంచీ మీద పక్కన ఇది కూర్చుని ఉంది. వాళ్ళమ్మని తీసుకొచ్చింది. దీనికి ఏమీ తెలియదు, నాకూ ఏమీ తెలియదు. ఇద్దరం అక్కడి టీవీలో వచ్చే వంటల ప్రోగ్రాం చూసి వెటకారాలాడుకుంటూ కూర్చున్నాం."

అక్కడ. ఆ 'అక్కడ' అంటే అదన్నమాట. "మరి ఆ తర్వాత? రిపోర్టు వచ్చాకైనా చెప్పొచ్చుగా?"

"ముందే ఎందుకు చెప్పలేదంటావని భయం. రేపు చెప్తా, రేపు చెప్తా అనుకున్నా. గడ్డ తీసేశారు గానీ ఈ దాపరికం పెరుగుతూ పోయింది."

"అన్నయ్యకి తెలుసా?"

పిచ్చుక కాళ్ళు ఊపడం ఆపింది. "మొదట్లోనే చెప్పా. నీకు చెప్పమని పోరుతూనే ఉన్నాడు."

అంటే అందరికీ తెలుసు. లిఫ్టులో ఇరుక్కున్న మనుషులని ఓపిగ్గా బయటికి లాగే అన్నయ్యకి తెలుసు, బెంచీ మీద ఎవరో అమ్మాయికి తెలుసు. ఆసుపత్రి వాళ్ళకి, తనలాంటి ఎక్స్‌రే మనిషి ఇంకొకామెకి, తెరముందు కూర్చుని ఆ బొమ్మ చూసిన ఎవరికో తెలుసు. ఊపిరి బిగబట్టండి అని పిచ్చుకతో ఎవరో అన్నారు, ఆ గొంతు తనది కాదు. ఆమె భయపడాలి, సంతోషించాలి, పిచ్చుకని వాటేసుకుని బతికిపోయావే అనాలి. అన్నీ అనుకుంది, అన్నీ లోపల వరసలో నిలబడ్డాయి, కానీ వాటన్నిటినీ తోసుకుని ముందుకి వచ్చి నిలబడింది ఆ కడుపుమంటే. ఇన్నేళ్ళు పక్కన ఉండి నన్ను ఇంత బాగా చదవడం నేర్చుకున్నావు, ఆ చదువే నన్ను బయట నిలబెట్టిందా? తక్కువ తెలిసి ఉంటే లోపలికి రానిచ్చేదానివా? పిచ్చుక ఆమె మొహంలోకి చూస్తోంది, ఇప్పుడు కూడా అంతా కనిపిస్తూనే ఉంటుంది దానికి, దాచుకోవడానికి చోటెక్కడుంది. ఆమె లేచి అలమర తెరిచి ఇస్త్రీపెట్టె తీసింది. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా, "మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి?" అంది. "వచ్చే నెల" అంది పిచ్చుక. "నేను వస్తా" అంది ఆమె. అడగలేదు, చెప్పింది. పిచ్చుక ఊఁ అంది. అది సరే అనో, చూద్దాం అనో తెలియలేదు.

వంటింట్లో కొత్తమ్మాయి అలమరలన్నీ తెరిచి చూస్తోంది. టీపొడి డబ్బా కళ్ళెదుటే ఉంది, కనిపించలేదు. ఆమె చెయ్యి చాపి తీసి ఇచ్చింది. తన వంటింట్లో ఒక్క వస్తువు జాడైనా ఆ పిల్లకి తెలియకపోవడం ఎందుకో కాస్త హాయిగా అనిపించింది. పాలు పొయ్యి మీద పెట్టి ఇద్దరూ గిన్నె వైపే చూస్తూ నిలబడ్డారు.

"అమ్మ ఎలా ఉన్నారు?" అని అడిగింది ఆమె. అడిగాక, ఆ పిల్ల మొహం చూశాక, అడగక్కర్లేదని తెలిసింది. రోజూ చేసే పనే, ఆమాత్రం తెలియదా.

"పోయింది అక్కా. మీ ఫ్రెండ్ రిపోర్టు వచ్చిన రోజే మాదీ వచ్చింది. తనది మంచిదని, మాది కాదని. తను పండగ చేసుకోకుండా నా పక్కనే కూర్చుండిపోయింది. చివరి వారం ఇంటికి కూడా వెళ్ళలేదు, మా అమ్మ దగ్గరే ఉంది. అమ్మ తన చేత ఒట్టు వేయించుకుంది, నీ పెళ్ళికి నన్ను పిలవకపోతే ఊరుకోనని." కొత్తమ్మాయి ముక్కు తుడుచుకుంది. "రాత్రి నుంచి అదే గుర్తొస్తోంది. అందుకే తను నన్ను వదల్లేదు. మీ గది లాక్కున్నాను, ఏమీ అనుకోకండి."

ఆ మాయమైపోయిన వారం. ఫోనులో పొడి మాటలు. ఆఫీసు పని కాదు, ఊరూ కాదు. పిచ్చుక ఎవరో తల్లి తలగడ దగ్గర కూర్చుని ఉంది. గిన్నె అంచున నురగ సన్నగా లేస్తోంది. ఆమెకి ఆ తల్లి మీద జాలి కలిగింది, నిజంగానే కలిగింది, ఈ పిల్ల మీద ఇంకా ఎక్కువ. కానీ ఆ జాలి అడుగున, ఆ చావు ఇంట్లో కూడా తనకి చోటు లేకపోయిందే అన్న బాధ ఒకటి సిగ్గూశరం లేకుండా కదులుతోంది. చనిపోయినవాళ్ళతో కూడా పోటీ పెట్టుకునే మనసు తనది. దీనికి ఏ ఆసుపత్రిలో తీస్తారు బొమ్మ?

"ఒక మాట చెప్పనా అక్కా? తిట్టుకోకూడదు." కొత్తమ్మాయి గ్లాసులు కడుగుతూ అంది. "మీరంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట."

"ఏంటి?"

"ఆ బెంచీ మీద కూడా మీ గోలే. ఎక్స్‌రే అయితే ఇలా అనేది, ఎక్స్‌రే అయితే అలా చూసేది, దానికి తెలిస్తే చంపేస్తుంది. మా అమ్మకి కూడా మీ కథలన్నీ వచ్చు. చీమల బారు కథ అయితే నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. ఎవరమ్మా ఈవిడ, ఎంత గొప్పదమ్మా అనిపించేది. నిన్న మీరు తలుపు తీస్తే, ఇంతేనా, మామూలుగానే ఉందే అనుకున్నా." ఒక బుగ్గ సొట్టపడింది. "రాత్రి లోపల కూడా అంతే. మా అమ్మని తలుచుకుని నేను ఏడుస్తుంటే నన్ను నవ్వించడానికి చెప్పినవన్నీ మీ కథలే. నవ్వాను కానీ మండింది."

పాలు పొంగాయి. ఇద్దరి చేతులూ ఒకేసారి మంట తగ్గించడానికి వెళ్ళాయి. ఆమె వెనక్కి తీసుకుంది. ఏదో ఒకటి అనాలి, ఆ పిల్ల అంత చెప్పాక. "టీపొడి ఎక్కువ వెయ్యకు, లాయరు స్ట్రాంగు తాగదు" అంది. లోపల మాత్రం ఒక సన్నటి సంతోషం పాకింది. మంచి సంతోషం కాదు అది, పక్కవాళ్ళ వీపు మీద కాలు పెట్టి ఎక్కే సంతోషం. తెలిసినా దాన్ని ఆపలేదు. తెల్లవారుజామునుంచీ విన్న ఆ నవ్వు, దిండులో దాచుకున్న నవ్వు, తన గురించే. తను లేని చోట తను ఉంది. అది చాలుతుందా అని చూసుకుంది. చాలదు. అయినా కాస్త.

ఆ తర్వాత ఇల్లంతా ఒక్కసారిగా లేచి కూర్చుంది. బాత్రూం ముందు లాయరు, టీచరు వాదులాట, ఇస్త్రీ వాసన, దొరకని పిన్నీసులు, పెళ్ళిహాలు నుంచి అన్నయ్య ఫోను, "ఏమ్మా, అంతా బాగుందా?" అన్న అతని గొంతులో ఏదో అదనపు జాగ్రత్త. "నీ సంగతి తర్వాత చెప్తా" అంది ఆమె. అతను ఊపిరి వదలడం వినిపించింది. తెలిసిందన్నమాట అని అతనికి అర్థమైంది. హాల్లో కుర్చీ వేసి పిచ్చుకని కూర్చోబెట్టి కొత్తమ్మాయి జుట్టు మొదలుపెట్టింది. ఆ నల్ల సంచీలోంచి దువ్వెనలు, క్లిప్పులు, వేడి చేసే కడ్డీ. ఆమె పెళ్ళిబట్టలు ఇస్త్రీ చేస్తూ ఓరకంట చూసింది. హాస్టల్లో ఆ జుట్టు తను అల్లేది, ఎప్పుడూ ఒక పాయ లావు ఒక పాయ సన్నం. ఈ పిల్ల చేతులు అలా కాదు. పాయలు తీసి, మెలిపెట్టి, ఒకదాని కింద ఒకటి దాచి, పైకెత్తి, ఒక్క పిన్ను కూడా బయటికి కనపడకుండా గుచ్చుతోంది. ఏడ్చిన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి, చేతులు మాత్రం తొణకడం లేదు. ఎంతసేపు పట్టిందో, అయ్యేసరికి పిచ్చుక మెడ ఎంత పొడుగో అందరికీ మొదటిసారి తెలిసింది. లాయరు కూడా నోరు మూసుకుని చూసింది. బాగుంది అని ఆమె పైకి అనలేదు, కానీ కళ్ళు ఒప్పుకున్నాయి.

లాయరూ టీచరూ పూలు వచ్చాయో లేదో చూస్తామని స్కూటరు మీద ముందే వెళ్ళిపోయారు. కారు వచ్చింది. వెనక సీట్లో మధ్యలో పిచ్చుక, కుడివైపు కిటికీ దగ్గర ఆమె, ఎడమవైపు కొత్తమ్మాయి. ఎవరు ఎక్కడ అని ఎవరూ అనలేదు, అలా సర్దుకుంది. ఎండ ఇంకా ముదరలేదు. వీధులు కడిగినట్టున్నాయి, బస్సుల్లో ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు కిటికీల్లోంచి పెళ్ళికూతురిని చూసి పక్కవాళ్ళకి చూపిస్తున్నారు. పిచ్చుక కాసేపు ఏదో ఒకటి వాగింది, గొలుసు బరువుగా ఉందంది, ఆకలేస్తోందంది, ఆ తర్వాత గొంతు పలచబడింది. రాత్రంతా ఒకరిని ఓదార్చి, పొద్దున్నే ఇంకొకరికి చెప్పుకున్న మనిషి. కళ్ళు వాలిపోయాయి. తల ఊగి, మెల్లగా, కొత్తమ్మాయి భుజం వైపు ఒరిగింది. కొత్తమ్మాయి అరచేతిని అడ్డంపెట్టి, జుట్టు నలగకుండా, ఆ తలని నెమ్మదిగా నిటారుగా నిలబెట్టింది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించింది. దారి తిన్నగా ఉంది. ఎంత తిన్నగా ఉందో! ఇంత పొడుగు రోడ్డు వేసి ఒక్క వంపూ పెట్టకుండా ఎలా వదిలేశారో!

వంతెన దిగగానే కారు ఎడమకి తిరిగింది. పిచ్చుక తల ఇటు వచ్చింది. నిద్ర బరువంతా ఒక్కసారిగా ఆమె భుజం మీద వాలింది, పైకెత్తి కట్టిన ఆ జుట్టు ఒకవైపు నొక్కుకుపోయి చప్పగా అయింది, ఒక పాయ జారి ఆమె చెంప మీద పడింది. కొత్తమ్మాయి చూసింది. ఎంతసేపు కూర్చుని చేసిన పనో అది. చెయ్యి సగం పైకి లేచింది, నోరు కూడా తెరిచింది. ఆమె ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. ఆ చూపు ఏమిటో ఆమెకి బాగా తెలుసు, తెల్లవారుజామునుంచీ దానితోనే ఉంది. కొత్తమ్మాయి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. అవతలి కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇప్పుడు తల ఎత్తి నిటారుగా పెట్టాలి. జుట్టు పాడైపోతోంది, హాల్లో అందరూ చూస్తారు, పాపం ఆ పిల్ల మళ్ళీ మొదటినుంచీ కట్టాలి. అన్నీ తెలుసు ఆమెకి. తెలిసే, భుజం ఇంకాస్త పైకెత్తింది, ఆ తల అటు జారిపోకుండా.